‘ఎలా ఉన్నాను?’ నుంచి ‘ఎలా ఉంది?’ వరకు: ఇంట్లో తీసుకున్న సెల్ఫ్ పోర్ట్రెయిట్లపై ఒక కేస్ స్టడీ

ఆమె మొదటి మెయిల్‌లో 46 ఫొటోలు, ఒకే ఒక్క వాక్యం ఉన్నాయి. "వీటిలో ఎలా ఉన్నానో చెప్పండి సార్."

అన్నీ ఒకే గదిలో, తనను తాను తీసుకున్న ఫొటోలు. నేను పోర్ట్రెయిట్ ఫొటోగ్రఫీ నేర్పుతాను. నేర్చుకునేవాళ్ల ఫొటోలు చూసి అభిప్రాయం చెప్పడం నా పనిలో సగం. అప్పుడు ఆ వాక్యంలో నాకు ప్రత్యేకంగా ఏమీ కనిపించలేదు. 11 వారాల తర్వాత మళ్లీ తీసి చదివితే అసలు సమస్య అక్కడే ఉందని తెలిసింది. ఆమె "ఎలా ఉన్నాయి" అని అడగలేదు, "ఎలా ఉన్నాను" అని అడిగారు. నేను ఆ తేడా పట్టించుకోకుండా గబగబా జవాబు రాసేశాను.

ఇది రాయడానికి ఆమె ఒప్పుకున్నారు. పేరు, ఉద్యోగం, ఊరు వద్దన్నారు కాబట్టి అవి ఇందులో ఉండవు.

ఆమె దగ్గర ఉన్నవి

ఏపీఎస్-సీ అనే మధ్యస్థ సైజు సెన్సర్ ఉన్న పాత మిర్రర్‌లెస్ కెమెరా, 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్, ఒక ట్రైపాడ్, అరచేతిలో ఇమిడిపోయే చిన్న వైర్‌లెస్ రిమోట్. గది సుమారు 3 మీటర్లకు 3.5 మీటర్లు. కిటికీ ఒక్కటే, నేరుగా ఎండ పడదు. ఎదుటివాళ్ల మీద కెమెరా ఎత్తాలంటే మొహమాటం. ఎంతసేపు కూర్చోబెట్టినా విసుక్కోని మోడల్ తానే కాబట్టి తనతోనే మొదలుపెట్టానని చెప్పారు. అప్పటికి ఏడాదైంది.

అంతకుముందు ఫోన్ ముందు కెమెరాతో తీసుకునేవారట. ముక్కు లావుగా పడుతోందని బాధపడి ట్రైపాడ్ కొన్నారు. ఆ బాధకు కారణం ముక్కు కాదు, దూరం. సెల్ఫీ తీసుకునే 12 అంగుళాల దూరంలో ముక్కు పునాది భాగం, 5 అడుగుల నుంచి తీసిన ఫొటోలో కంటే దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో రట్‌గర్స్ యూనివర్సిటీ పరిశోధకులు లెక్క కట్టారు. కెమెరాను మీటరున్నర వెనక్కి జరపగానే ఆ సమస్య దానంతటదే పోయింది. ఈ ఒక్క విషయం ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఎన్ని నెలల దిగులు తగ్గేదో.

ఆమెకు ఒక మంచి అలవాటు ఉంది. ఫొటో చూపించిన ప్రతిసారీ ఎవరేమన్నారో నోట్‌బుక్‌లో రాసుకునేవారు. ఒక పేజీ ఫొటో తీసి నాకు పంపారు. పై నుంచి కిందికి ఇలా ఉంది: "సూపర్." "చిక్కిపోయావేంటి?" "కాస్త నవ్వొచ్చుగా." "జుట్టు వదులుగా వదిలేస్తే బాగుండేది." "ఆ రంగు నీకు నప్పింది." "ఒంట్లో బాగోలేదా?" "ఎవరు తీశారు?"

ఏడు మాటలు. ఫొటో గురించి అన్నది చివరిదొక్కటే, అదీ పొరపాటున. ఆ మాటలన్నవాళ్లను తప్పు పట్టలేం. తెలిసిన ముఖం కనిపిస్తే ఎవరైనా ముఖంతోనే మాట్లాడతారు. ప్రకృతి దృశ్యం తీసినవాడికి "ఆ కొండ బాగోలేదు" అంటే కొండకే తగులుతుంది, తీసినవాడు నొచ్చుకోడు. ఇక్కడ కెమెరా వెనకున్న మనిషీ ముందున్న మనిషీ ఒకరే. వెలుగు గురించి అన్నమాట కూడా చర్మానికి తగులుతుంది.

నేను చేసిన పొరపాటు

నా మొదటి జవాబు రెండు పేజీలు. అందులో ఒక్క తప్పుడు మాట లేదు. అదే చిక్కు.

ముందుగా ఫోకస్ గురించి రాశాను. ఆమె కుర్చీలో దిండు పెట్టి దాని మీద ఫోకస్ లాక్ చేసి, తర్వాత దిండు తీసి తాను కూర్చునేవారు. దిండు కుర్చీ వీపుకు ఆని ఉంటుంది, మనిషి ముఖం దానికంటే ముందుకు వస్తుంది. ఆ లెన్స్‌తో, ఎఫ్ 1.8 దగ్గర (అంటే లెన్స్ రంధ్రం పూర్తిగా తెరిచి), మీటరున్నర దూరంలో స్పష్టంగా పడే లోతు సుమారు 6 సెంటీమీటర్లే. కాబట్టి చాలా ఫొటోల్లో చెవి వెనక జుట్టు పదునుగా, కళ్లు మెత్తగా పడ్డాయి. రంధ్రం తగ్గించి ఎఫ్ 4కి మారిస్తే ఆ లోతు 13, 14 సెంటీమీటర్లవుతుంది. వెలుగు తగ్గుతుంది కాబట్టి షట్టర్ స్పీడ్ 1/125 దగ్గరే ఉంచాలంటే ఐఎస్ఓ (వెలుగుకు సెన్సర్ సున్నితత్వం) 400 నుంచి 2000కి వెళ్లాలి. కాస్త గ్రెయిన్ (ఇసుక రేణువుల్లాంటి మచ్చలు) వస్తుంది, ఫర్వాలేదు. దిండు బదులు ఏదైనా స్టాండుకు పెద్ద అక్షరాలు రాసిన కాగితం అతికించి, కళ్లు ఉండే ఎత్తులో, కళ్లు ఉండే చోటే నిలబెట్టమన్నాను. నల్లటి అక్షరాల అంచుల మీద ఆటోఫోకస్ చక్కగా పడుతుంది. కుర్చీ కాళ్ల దగ్గర నేల మీద టేపు ముక్కలు అతికించమన్నాను.

తర్వాత, గదిలో బల్బు ఆర్పేయమన్నాను. కిటికీ వెలుగు నీలంగా, బల్బు వెలుగు పసుపుగా పడి ముఖం రెండు రంగులుగా చీలిపోతోంది. ఫ్రేమ్ మధ్యలో లేనందుకు ఆమె మరో మెయిల్‌లో రెండుసార్లు సారీ చెప్పారు. దానికి మాత్రం రాబర్ట్ కార్నీలియస్ ఫొటో చూపించాను. 1839లో ఫిలడెల్ఫియాలో ఆయన తనను తాను తీసుకున్న ఆ చిత్రం ఫొటోగ్రఫీలో తొలి సెల్ఫ్ పోర్ట్రెయిట్లలో ఒకటి. అందులో ఆయన చేతులు కట్టుకుని, చెదిరిన జుట్టుతో, ఫ్రేమ్‌లో ఒక పక్కకు ఉంటాడు. వ్యూఫైండర్ వెనక ఎవరూ లేని పనిలో ఇది సహజమే.

చివరగా, కిటికీకి వీపు పెట్టి కూర్చున్న ఫొటోల్లో ముఖం చీకటైపోయిందని రాశాను. వెలుగు ముఖం మీదికి తిరిగి పడేలా తెల్లటి థర్మాకోల్ షీటును ముఖానికి 60 సెంటీమీటర్ల దూరంలో పెట్టమని, చేతిలో రిమోట్ కనబడకుండా 10 సెకన్ల టైమర్ వాడమని సలహా ఇచ్చాను.

పది రోజుల్లో 12 ఫొటోలు వచ్చాయి. చెప్పినవన్నీ పొల్లు పోకుండా చేశారు. కళ్లు పదునుగా ఉన్నాయి, రంగు సమంగా ఉంది, ముఖం మీద వెలుగు చక్కగా పరుచుకుంది. ఒక్క ఫొటో దగ్గర కూడా నా చూపు రెండు సెకన్లు నిలవలేదు.

ఎందుకో తెలియక మొదటి 46 మళ్లీ తెరిచాను. 17వ ఫొటో దగ్గర ఆగిపోయాను. నేల మీద, అల్మరా తలుపుకు ఆనుకుని కూర్చున్న మనిషి. వెనక ఎడమ పక్క కిటికీ. ముఖం దాదాపు చీకటి. వెలుగు చెవి అంచున ఒక సన్నటి గీతలా, తర్వాత మోకాలి మీదున్న కుడి చేతి మీద పడింది. ఆ చేయి పిడికిలి. బొటనవేలు చూపుడువేలి కణుపు మీద గట్టిగా ఒత్తుకుని, గోరు చివర తెల్లబడి ఉంది. లోపల రిమోట్ ఉంది మరి. చూసేవాళ్లకు అది తెలియదు. ఏదో పట్టుకుంది, వదలడం లేదు, అంతే తెలుస్తుంది.

కొత్త ఫొటోల్లో ఆ చేయి ఒళ్లో ఊరికే పడి ఉంది. 10 సెకన్ల టైమర్‌లో చేతికి పనేముంటుంది? ఫొటోకు ప్రాణం ఇచ్చినవి రెండే, ఆ చీకటి, ఆ పిడికిలి. రెండింటినీ లోపాల జాబితాలో రాసి తీయించేసింది నేనే. ఆమెకు ఏం కావాలో అడగకముందే ఏం తప్పో చెప్పేశాను. ఫోన్ చేసి ఆ మాటే చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "చీకటి కావాలని పెట్టింది కాదు సార్, వెలుగులో నన్ను నేను చూసుకోలేక అలా కూర్చున్నాను" అన్నారు.

అంటే అది కళాత్మక నిర్ణయం కాదు. కానీ ఫొటోలో పని చేసింది. భయంతో వచ్చిన చీకటిని ఇష్టంతో ఎంచుకున్న చీకటిగా మార్చుకోవచ్చా? అక్కడి నుంచే మా అసలు పని మొదలైంది.

అద్దంలో మనిషి

దీనికి ముందు ఒక చిన్న ప్రయోగం చేశాం. తాను డిలీట్ చేయబోతున్న ఫొటోలు కొన్ని పంపమన్నాను. "ఇందులో నేను నాలా లేను" అన్న ఒక ఫొటోను ఎడమకుడులుగా తిప్పి, ఏం చేశానో చెప్పకుండా తిరిగి పంపాను. "ఇది బాగుంది, ఇదెప్పుడు తీశాను?" అన్నారు. రెండూ పక్కపక్కన పెట్టి వాళ్ల అక్కకు చూపించమన్నాను. అక్క తిప్పని ఫొటోనే ఎంచుకుంది.

ఇది కొత్త విషయం కాదు. 1977లో మిటా, డెర్మర్, నైట్ అనే పరిశోధకులు ఇదే పరీక్ష చేశారు. మనుషులు తమ ముఖాన్ని అద్దంలో కనిపించినట్టు ఇష్టపడతారు, వాళ్ల స్నేహితులు మాత్రం ఎదురుగా కనిపించే ముఖాన్ని ఇష్టపడతారు. దేన్ని ఎక్కువసార్లు చూశామో అదే మనకు సరైనదనిపిస్తుంది. రోజూ అద్దంలో చూసే పాపిడి ఫొటోలో అటు పక్కకు మారితే ముఖమే తేడాగా ఉందనుకుంటాం. సెల్ఫ్ పోర్ట్రెయిట్లు తీసేవాళ్లకు ఈ సంగతి తెలియాలని నేను గట్టిగా అనుకుంటాను. తన ఫొటోల్లో ఏది ఉంచాలో, ఏది తీసేయాలో ఒంటరిగా నిర్ణయించుకుంటే ఈ అలవాటే నిర్ణయించేస్తుంది. బయటి కళ్లు కావాల్సింది అందుకే. బయటి కళ్లను ఎలా అడగాలన్నదే మిగిలిన ప్రశ్న.

అడిగే పద్ధతి మార్చాం

అమెరికన్ కొరియోగ్రాఫర్ లిజ్ లెర్మన్ 1990లో, తయారవుతున్న కళాకృతి మీద అభిప్రాయం చెప్పడానికి నాలుగు దశల పద్ధతి ఒకటి రూపొందించారు. ముందు చూసినవాళ్లు తమకు ఏది తాకిందో చెప్తారు. తర్వాత కళాకారులే ప్రశ్నలు అడుగుతారు. ఆ తర్వాత చూసినవాళ్లు, తీర్పు దాగి లేని ప్రశ్నలు అడుగుతారు. సొంత అభిప్రాయాలు చివర్లో, అదీ "దీని మీద నాకో అభిప్రాయం ఉంది, వింటారా?" అని అడిగి, సరేనంటేనే. నాట్యం కోసం పుట్టినా సెల్ఫ్ పోర్ట్రెయిట్‌కు ఇది అతికినట్టు సరిపోతుంది. అక్కడా శరీరమే కదా ముడిసరుకు.

మేం దీనికి రెండు చేర్చుకున్నాం. మొదటిది, మా మాటల్లో ఫొటోలోని ఆమెను "మీరు" అని నేను అనకూడదు, "నేను" అని ఆమె అనకూడదు. ఇద్దరం "ఫొటోలో మనిషి" అనాలి. మొదటి రోజు కృతకంగా ఉంది. మూడో రోజుకు, "ఫొటోలో మనిషి భుజం ఎందుకంత పైకి లేపింది?" అని ఆమే అడిగారు. "నా భుజం వంకరగా ఉంది" అనే మాటకూ దీనికీ ఎంత దూరమో చూడండి. రెండోది, ఎవరికి ఫొటో చూపించినా "ఎలా ఉన్నాను" అన్న మాట నోటి నుంచి రాకూడదు.

17వ ఫొటోకు ఆమె తయారు చేసుకున్న ప్రశ్నలు ఇవి: మీ కన్ను మొదట ఎక్కడికి వెళ్లింది? గదిలో ఈ మనిషి ఒక్కతే ఉందా, ఇంకెవరైనా ఉన్నారనిపిస్తోందా? చేతిలో ఏముందనుకుంటున్నారు?

మూడింటిలో ఒక్కదానికి కూడా "సూపర్" అని జవాబు చెప్పలేరు.

చూపించింది ఆరుగురికి. ముగ్గురు ఆమెకు బాగా తెలిసినవాళ్లు, ముగ్గురు నా దగ్గర నేర్చుకునేవాళ్లు, ఆమె ఎవరో తెలియనివాళ్లు. ఫోన్‌లో కాదు, 4×6 ప్రింటు ఇచ్చాం. ఫోన్‌లో ఫొటో ఇస్తే అందరి వేళ్లూ వెంటనే ముఖాన్ని జూమ్ చేస్తాయి. ఫ్రేమ్ మొత్తం చూడడం అక్కడితో అయిపోతుంది. ప్రింటును జూమ్ చేయలేరు. ఐదు సెకన్లు చూపించి, బోర్లించి, అప్పుడు మొదటి ప్రశ్న అడిగాం. ఎదురుగా ఫొటో లేనప్పుడు గుర్తున్నదే చెప్తారు, వెతికి చెప్పరు.

తెలియని ముగ్గురిలో ఇద్దరు "చేయి" అన్నారు, ఒకరు కిటికీ అన్నారు. చేతిలో ఉన్నది తాళంచెవి అని ఒకరు, ఉత్తరం ముక్క అని ఇంకొకరు. ఎవరికోసమో ఎదురుచూస్తోందని ఇద్దరు. తెలిసిన ముగ్గురూ ముఖమే అన్నారు, ముఖం కనబడకపోయినా సరే. ఒకరు ప్రశ్నలన్నీ పక్కన పెట్టి, "ఏమైనా సమస్యా? నాతో చెప్పొచ్చుగా" అన్నారు.

తెలిసినవాళ్ల మాట ఫొటోకు పనికిరాదని రాసుకోబోయాను. ఆ తొందరా తప్పేనని వెంటనే తేలింది. వెలుగు సరిచేసి తీసిన 12 ఫొటోలు కూడా ఆరుగురికీ చూపించాం. తెలియనివాళ్లు "బాగున్నాయి, నీట్‌గా ఉన్నాయి" అన్నారు. ఆమె తమ్ముడు మాత్రం ఒక్క ఫొటో చూసి, "నువ్వెప్పుడూ ఇలా నిటారుగా కూర్చోవు కదా" అన్నాడు. మొత్తం కేసులో నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చిన మాట అదే. నటన ఎక్కడుందో పట్టగలిగేది దగ్గరివాళ్లే. ఫ్రేమ్ గురించి తెలియనివాళ్లను, నిజం గురించి తెలిసినవాళ్లను అడగాలని అప్పటి నుంచి నా నోట్సులో ఉంది.

మళ్లీ తీయడం

ఇప్పుడు ఆమెకు ఏం కావాలో తెలిసింది. ముఖం పూర్తిగా కనబడనక్కర్లేదు, కానీ కళ్లు ఉన్నాయని తెలియాలి. కిటికీ పక్కకూ నీడ పక్కకూ తేడా ఎంతో కొలిచాం. అరచేతిని అక్కడా ఇక్కడా పెట్టి కెమెరాలో ఒక చిన్న చోటి వెలుగును మాత్రమే కొలిచే స్పాట్ మీటర్‌తో చూసుకుంటే చాలు. 17వ ఫొటోలా షీటు లేకుండా తేడా మూడు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపు), అంటే 8:1. నేను చెప్పినట్టు షీటు 60 సెంటీమీటర్ల దగ్గర పెడితే ఒక్క స్టాపు, 2:1. షీటును వెనక్కి జరుపుతూ, జరుపుతూ రెండు స్టాపుల తేడాకు వచ్చి ఆగారు. 4:1. కళ్లలో ఒక చిన్న మెరుపు కూడా మిగిలింది. స్క్రీన్ మీద సరిపోయిన నీడ ప్రింటులో ఇంకా ముదిరింది కాబట్టి ప్రింటు చూసి మరోసారి సర్దుకున్నారు.

పిడికిలి అంత తేలిగ్గా రాలేదు. ముందు ఖాళీ చేతిని పిడికిలి బిగించి, టైమర్ పెట్టి 40 ఫ్రేములు తీశారు. ప్రింట్లు చూసినవాళ్లు ఈసారి ఎదురుచూపు అనలేదు, "కోపంగా ఉంది" అన్నారు. కావాలని బిగించిన చేతిలో వేళ్లన్నీ ఒకే బిగువుతో ఉంటాయి. నిజంగా వస్తువు పట్టుకున్న చేతిలో ఒక వేలు పని చేస్తుంది, మిగతావి ఊరికే తోడుంటాయి. రెండు ప్రింట్లూ పక్కన పెట్టుకుని ఆ తేడా కనిపెట్టింది ఆమే. మళ్లీ రిమోట్ చేతిలోకి తీసుకున్నారు, చేతి వైపు చూడకుండా నొక్కారు. ఆ రోజు 23వ ఫ్రేములో చేయి మళ్లీ బతికింది.

మధ్యలో జరిగినవి

ఒక వారం పూర్తిగా పోయింది. ప్రింటు బదులు ఫైల్ అడిగిన ఒకరు, ఎవరూ అడక్కుండానే చర్మం నున్నగా చేసి, కళ్ల కింద నలుపు తీసేసి, "ఇప్పుడు చూడండి" అని తిరిగి పంపారు. సాయం చేస్తున్నాననే అనుకుని ఉంటారు. ఆమె మాత్రం ఆ వారం కెమెరా ముట్టుకోలేదు. ఎడిట్ చేసిన ఫైలును తెరిచి, ఏమేం మార్చారో "ఫొటోలో మనిషి" పద్ధతిలోనే ఒక్కొక్కటిగా చెప్పుకున్నాం. మాట్లాడడం అయ్యేసరికి ఆమె గొంతు కుదుటపడింది. అప్పటి నుంచి ఎవరికి ఫైల్ ఇచ్చినా "మార్పులు చేయకండి, మాటల్లో చెప్పండి" అని ముందే రాస్తున్నారు.

ఇంకొకటి ఇంట్లో తీసుకునే ప్రతి ఒక్కరికీ పనికొస్తుంది. ఫొటో బయటికి పంపేముందు 100 శాతానికి పెంచి మూలమూలా చూడండి. ఆమె ఫొటోల్లో రెండింటిలో బల్ల మీద కవరు, దాని మీద చిరునామా చదవగలిగేంత స్పష్టంగా ఉంది. అల్మరా అద్దంలో ఏం ప్రతిఫలిస్తోందో కూడా చూడాలి. ఫోన్‌తో తీసిన ఫొటో అయితే లొకేషన్ వివరాలు ఫైల్‌లోనే ఉండొచ్చు, తీసేసి పంపాలి.

చెప్పిన ప్రతి మాటా పాటించాలా అని ఆమె ఒకసారి అడిగారు. ఇద్దరు ముగ్గురు విడివిడిగా ఒకే చోట వేలు పెడితే ఆ చోటును తప్పక చూడమన్నాను. వాళ్లు చెప్పిన మార్పే చేయాలని లేదు. "కిటికీ క్రాప్ చేసేయండి" అని ముగ్గురన్నారు. ఆమె కిటికీని ఉంచి, పరదా ఒక జానెడు లాగారు. తర్వాత దాని గురించి ఎవరూ మాట్లాడలేదు.

ఇప్పుడు ఆమె దగ్గర తొమ్మిది ఫొటోల సిరీస్ ఉంది. మొదటి 46లో నుంచి 17వది ఒక్కటే అందులో మిగిలింది, ఫోకస్ మెత్తగానే ఉంది, అలాగే ఉంచారు. నిన్న పదో ఫొటో పంపారు. మెయిల్‌లో ఈసారీ ఒకటే వాక్యం: "తలుపు సందులో నుంచి వచ్చే వెలుగు ఫొటోలో మనిషిని ఆపుతోందా, పిలుస్తోందా?"

నేనింకా జవాబు రాయలేదు. రెండు ప్రింట్లు తీయించి, ఆమె ఎవరో తెలియని ఇద్దరికి ఇచ్చాను.